చింతగుప్ప – బోడిమెట్ట: ముప్పై అయిదు నిమిషాలు

1-1-1982, శుక్రవారం

కాగితం మిల్లు వాళ్ళు ఈ ఏడు నాకు డైరీ ఇచ్చారు. పోయినేడు గుమాస్తాలందరికీ క్యాలెండరే. పొరపాటున ఇచ్చి ఉంటారు. వెనక్కి అడిగేలోపు మొదటి పేజీలో పి. సాంబమూర్తి, టైం కీపరు అని సిరాతో రాసేశాను. ఇక అడగలేరు.

వెనక పేజీల్లో పట్టికలున్నాయి. హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు. అలాగే మద్రాసు, కలకత్తా, బొంబాయి. మా చింతగుప్ప లేదు. భద్రాచలం దాటి అడవిలోకి పదిహేను మైళ్ళు వచ్చి, వెదురు నరికే కూపుల పక్కన మట్టి చదును చేసి, రేకుల షెడ్డు ఒకటి వేసి, గాలివాటం తెలియడానికి కర్రకు గుడ్డసంచి కట్టి ఎయిర్‌పోర్టు అంటే పట్టికల వాళ్ళు ఒప్పుకోరు. కొండల అవతల మిల్లు వారి సున్నపురాయి క్వారీ దగ్గర బోడిమెట్ట కూడా ఇంతే. అక్కడ నాలాంటి టైం కీపరు బసవపున్నయ్య. అతన్ని ఎన్నడూ చూడలేదు, చేతిరాత మాత్రం తెలుసు. అక్కడ విమానం దిగిన టైము, లేచిన టైము చీటీ మీద రాసి అదే విమానంలో పంపుతాడు. ఇక్కడివి నా చేతి గడియారం చూసి నేను రాస్తాను. రెండూ కలిపి పుస్తకంలోకి ఎక్కించడం నా పని. చిన్న పని అని నవ్వేవాళ్ళు నవ్వనీ. మూడేళ్ళలో ఒక్క కొట్టివేత లేదు.

పట్టిక కింద ఖాళీలో నేనే రాశాను. చింతగుప్ప – బోడిమెట్ట. రూళ్ళకర్రతో మ్యాపు మీద కొలిస్తే నూట పన్నెండు కిలోమీటర్లు. జీపులో చుట్టు తిరిగి తొమ్మిది గంటలు. విమానంలో ముప్పై అయిదు నిమిషాలు.

ఇవాళ 9.30కి లేచింది, 10.05కి దిగింది. తిరుగు ప్రయాణం ముప్పై ఆరు. ఆ ఒక్క నిమిషం ఎందుకని అడిగితే కెప్టెన్ వెంకటరామారావు గాలి అన్నాడు. సత్తుపల్లి వైపు పొలాలున్న ఇంటివాడు, నాతో మాట్లాడేటప్పుడు కళ్ళద్దాలు తియ్యడు. గాలే అయి ఉంటుంది.

6-1-82

ముత్యాలును పురిటికి టేకులపల్లిలో వాళ్ళ అమ్మ దగ్గర దించి వచ్చాను. ఇంట్లో నేనూ పొయ్యీ మిగిలాం. ఇదే అదను చూసుకుని ట్రాన్సిస్టరు మూగబోయింది. నా చేతి గడియారం రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. రోజూ ఏడూ అయిదు వార్తలు విని సరిపెట్టుకునేవాడిని. సారంగపాణికి రిపేరు కోసం ఇచ్చాను. మెకానిక్కు, విమానంతోపాటు ప్రతి ట్రిప్పూ వెళ్తాడు. మా నాన్న, వాళ్ళ నాన్న ఇల్లందులో ఒకే బొగ్గుబాయిలో పనిచేశారు. ఇక్కడ ఉద్యోగం ఖాళీ ఉందని నాకు కబురు పెట్టింది కూడా అతనే. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటాడు.

10-1-82, ఆదివారం

అమ్మ వచ్చింది. ఇల్లందులో అన్నయ్య దగ్గర ఉండేది. వంట చేసి పెట్టడానికి అంటోంది గాని, వదినతో పడలేదని మొహమే చెబుతోంది. బట్టల మూట, ఊరగాయ జాడీ, దుప్పట్లో చుట్టిన నాన్న గోడగడియారం తెచ్చుకుంది. బొగ్గుబాయి రక్షణ వారోత్సవాల్లో నాన్నకు బహుమతిగా వచ్చిన గడియారం అది. వదిన జంపక్క దాన్ని చూస్తేనే మండిపడేదట. "ఆ గడియారమన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అన్నదట. గడియారంతో ఆడదానికి పంతమేమిటో. ఆ ఇంట్లో అన్నీ అంతే.

నాన్న పోయినప్పుడు నాకు పదమూడేళ్ళు, వైరాలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడిని. బాయిలో పైనుంచి బండ పడిందని చెప్పారు. ఆ తర్వాత అమ్మతో ఒక ఇంట్లో ఉండటం ఇదే.

రేడియో లేని లోటు తీరింది. మొన్న శుక్రవారం ట్రిప్పు లేదు కాబట్టి సరిపోయింది. పొద్దున్నే నా చేతి గడియారం నాన్న గడియారానికి పెట్టుకున్నాను. ఎనభై ఏళ్ళ ముసలాడిలా గంటలు కొడుతుంది.

12-1-82, మంగళవారం

అందరికీ పండగ ముందే వచ్చినట్టుంది. ఎనిమిదింటికి రావలసిన మిల్లు జీపు ఎనిమిదీ పన్నెండుకు వచ్చింది. డ్రైవరు జంపయ్యను అడిగితే "టైంకే వచ్చిన గద" అని నన్నే ఎగాదిగా చూశాడు. వీడు ఇన్నాళ్ళూ ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. విమానం కూడా 9.42కి గాని లేవలేదు.

చీటీ ప్రకారం బోడిమెట్టలో 10.05కి దిగింది. అంటే ఇరవై మూడు నిమిషాలు.

తిరుగు ప్రయాణం నలభై ఏడు.

రెండుసార్లు కూడాను. మూడుసార్లు కూడాను. పుస్తకంలో రాసి పెట్టాను.

15-1-82

ఇరవై మూడు. నలభై ఏడు.

జీపు ఇవాళ కూడా పన్నెండు నిమిషాలు ఆలస్యం.

19-1-82

మళ్ళీ అదే. ఒకసారైతే గాలి. మూడుసార్లూ గాలి లెక్క పెట్టుకుని వీస్తుందా?

చీటీ వెనక బసవపున్నయ్యకు మర్యాదగానే రాసి పంపాను: మీ గడియారం సరిగా ఉన్నదా? విమానం తిరిగి వచ్చేసరికి జవాబు: "రేడియో వార్తలకు పెట్టుకుంటున్నాను. మీది?" నాది అడుగుతాడా! క్వారీ దుమ్ములో కూర్చుని నాకు ఎదురు ప్రశ్న. జవాబు రాయలేదు.

22-1-82, శుక్రవారం

ఇరవై మూడు, నలభై ఏడు.

రాత్రంతా ఆలోచించాను. కెప్టెన్ పోయేటప్పుడు ఇంజనుకు ఊపిరాడనివ్వకుండా ఉరికించి పన్నెండు నిమిషాలు మిగుల్చుకుంటున్నాడు. వచ్చేటప్పుడు ఆ పన్నెండూ ఎక్కడో ఖర్చు పెడుతున్నాడు. రెండూ కలిపితే ఎప్పుడూ డెబ్బయ్యే వస్తుంది. మొత్తం చూసేవాడికి ఏ లోటూ కనిపించదు. మొత్తం చూసేది మిల్లు. ఒక్కో ట్రిప్పూ చూసేది నేను. ఇంత తెలివి ఒక్కడి బుర్రలో పుట్టదు. వెనక సీట్లో కూర్చునే సారంగపాణికి తెలియకుండా ఎట్లా జరుగుతుంది?

సారంగపాణి అలాంటివాడు కాదు. కాని ట్రాన్సిస్టరు ఇచ్చి పదహారు రోజులైంది. ఏమైందంటే సామాను దొరకలేదంటాడు.

23-1-82

రేంజి ఆఫీసులో అడవి మ్యాపు చూశాను. పన్నెండు నిమిషాలంటే దారి తప్పి ఆరు నిమిషాలు పోవచ్చు, ఆరు నిమిషాలు తిరిగి రావచ్చు. ఆరు నిమిషాలకు పంతొమ్మిది కిలోమీటర్లు. దారాన్ని పెన్సిలుకు కట్టి, సరిగ్గా మధ్య దారి నుంచి గీశాను. గీత కింద ఏముంది? యుద్ధం రోజుల్లో చదును చేసి వదిలేసిన మైదానం. చుట్టూ పది మైళ్ళు ఊరు లేదు.

ఈ అడవిలో ఎవరుంటున్నారో, వాళ్ళ కోసం ఎవరు వెతుకుతున్నారో రాయనక్కరలేదు. పోయిన నెలే పోలీసులు రెండు కోయగూడేలు జల్లెడ పట్టారు.

26-1-82

సెలవు, ట్రిప్పు లేదు. జెండాకు ఎనిమిదిన్నరకు రమ్మన్నారు. నేను వెళ్ళేసరికి తాడు కట్టే మనిషి కూడా రాలేదు. ఈ దేశం ఎట్లా బాగుపడుతుంది? అందరికంటే ముందు వెళ్ళి ఒంటరిగా నిలబడటం నాకు అలవాటైపోయింది. జంపయ్య నవ్వుతూ, "ఊరందరిది ఒక తొవ్వ, ఉలిపికట్టెది ఒక తొవ్వ" అన్నాడు. నా గురించేనని తెలుసు. విననట్టు ఊరుకున్నాను.

29-1-82, శుక్రవారం

కెప్టెన్‌ను అడిగేశాను. తిరుగు ప్రయాణం ఎంతసేపు పట్టిందండీ అని, ఏమీ ఎరగనట్టు. ముప్పై అయిదు అన్నాడు. తన పుస్తకం తెరిచి చూపించాడు కూడా. జనవరి అంతా ముప్పై అయిదు, ముప్పై అయిదు, ముప్పై ఆరు. ముత్యాల్లాంటి అక్షరాలు.

నా పుస్తకంలో నలభై ఏడు. ఒకరు అబద్ధం రాస్తున్నారు. నేను కాదు.

పెట్రోలు రిజిస్టరు కూడా తీశాను. ట్రిప్పుకు అయ్యే పెట్రోలు ఎప్పటిలాగే ఉంది. ఇంకొకడైతే ఇక్కడ ఆగిపోయేవాడు. ఎక్కువ తిరిగి కూడా ఎక్కువ తాగలేదంటే ఏమిటి అర్థం? ఇంకెక్కడో పోయించుకుంటున్నాడు.

అమ్మతో ఈ మాటలు చెప్పలేను. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, "జల్దీ పో బిడ్డా, టైం అయింది" అని తరుముతుంది. ఈ ఊళ్ళో టైం విలువ తెలిసిన మనిషి నేను కాక ఇంకెవరైనా ఉన్నారంటే ఆమే.

2-2-82, మంగళవారం

ఇవాళ చూశాను. విమానం లేవబోయే ముందు సారంగపాణి సీటు కింద అట్టపెట్టె పెట్టాడు. తాడుతో కట్టి ఉంది. సామాన్ల జాబితాలో లేదు. దగ్గరికి వెళ్ళి ఏమిటది అని అడిగాను.

"అన్నా, గది నీకు తెల్వకుంటెనే మంచిది. పుస్తకంల రాయకు."

నవ్వుతూనే అన్నాడు. మందులా? తూటాలా? నాతో అన్నం తిన్నవాడు. ముత్యాలుకు ఒళ్ళు బాగాలేనప్పుడు సైకిలు మీద దవాఖానాకు తీసుకుపోయినవాడు. పుస్తకంలో రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఇరవై మూడు, నలభై ఏడు.

5-2-82

అడ్డాకులు అమ్ముకునే పూలి వచ్చింది. విమానం పోయే దారి కిందే ఆమె గూడెం. పాత మైదానంలో ఎప్పుడైనా దిగిందా అని అడిగాను. "దిగదు. తిరగదు. మా ఇండ్ల మీదికెల్లి సక్కగ పోతది, సక్కగ వస్తది" అంది. అంత గట్టిగా ఎందుకు చెప్పాలి? ఒక మనిషి రోజూ ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటుందా? ఆమెకు ఎవరో ముందే చెప్పి పెట్టారు. ఆకులు రెండు కట్టలు ఎక్కువే కొన్నాను, అనుమానం రాకుండా.

7-2-82, ఆదివారం

మిల్లు సెక్యూరిటీ ఆఫీసరుకు ఉత్తరం రాశాను. తేదీలు, టైములు, మైదానం, అట్టపెట్టె. నా అభిప్రాయం ఒక్క ముక్క చేర్చలేదు, అంకెలు మాత్రమే. సంతకం పెట్టలేదు. భయం వల్ల కాదు. అంకెలకు సంతకం ఎందుకు?

నాలుగుసార్లు చించి అయిదోసారి రాశాను. సారంగపాణి పేరు లేకుండా రాద్దామనుకున్నాను. పెట్టె ఉంది కాబట్టి పేరు రాయక తప్పలేదు.

9-2-82

ఇరవై మూడు, నలభై ఏడు. పెట్టె తిరిగి వచ్చింది. అదే తాడు. అప్పుడే ఇంటికి పట్టుకుపోయాడు. ఖాళీ పెట్టెను అంత పదిలంగా ఎవరు మోస్తారు?

12-2-82, శుక్రవారం

ట్రిప్పు రద్దు. తొమ్మిదింటికే రెండు పోలీసు జీపులు వచ్చాయి. కెప్టెన్‌కు కుర్చీ వేసి, టీ ఇచ్చి అడిగారు. పుస్తకం చూపిస్తే, పైలట్ పుస్తకం పైలట్ రాసుకున్నదే కదా అన్నాడట ఆఫీసరు. సాయంత్రానికి ఆయన సత్తుపల్లి వెళ్ళిపోయాడు, పిలిచినప్పుడు రావాలని షరతు.

సారంగపాణిని జీపెక్కించారు. ఎక్కేటప్పుడు చేతులకు గ్రీజు ఉందని గుడ్డ అడిగాడు. ఎవరూ ఇవ్వలేదు. నా జేబులో ఉంది.

14-2-82

ఏమీ రాయాలని లేదు. నిప్పు లేనిదే పొగ రాదు. తప్పు చేయకపోతే రెండు రోజుల్లో వదిలేవాళ్ళు.

అమ్మ అన్నం సగంలోనే వదిలేసింది. "వాని అయ్య, మీ అయ్య ఒక్క కాడ పనిజేసిండ్రు. గా పిల్లగాడు గట్ల జెయ్యడు" అంది. నీకేం తెలుసమ్మా అని కసురుకున్నాను.

17-2-82, బుధవారం

హెడ్ కానిస్టేబుల్ షెడ్డుకు వచ్చాడు. పెట్టెలో రేడియో ఉందని, అది నాదని సారంగపాణి అంటున్నాడట. బోడిమెట్టలో బసవపున్నయ్య రేడియోలు బాగుచేస్తాడని, అందుకే పంపానని కథ చెబుతున్నాడట. నిజమేనా అని అడిగాడు.

రేడియో రిపేరుకు ఇచ్చిన మాట నిజమే, పెట్టెలో ఏముందో నాకు తెలియదు అన్నాను. ఇందులో అబద్ధం ఏముంది? నేను చూడలేదు. చూడనిది చూశానని ఎట్లా చెప్తాను? హెడ్డు రాసుకుని, నా వేలిముద్ర కాదు సంతకమే చాలన్నాడు. పెట్టాను.

వాళ్ళింటికి వెళ్ళి పెట్టె విప్పి చూస్తే తేలిపోతుంది. నాలుగిళ్ళే. నాకు పని ఉంది.

18-2-82

వెళ్ళలేదు.

21-2-82, ఆదివారం

దీపాలు పెట్టే వేళకు సారక్క వచ్చింది, సారంగపాణి భార్య. ఠాణాకు అన్నం తీసుకుపోయి వచ్చింది. చేతిలో తాడు కట్టిన అట్టపెట్టె. లోపలికి రమ్మంటే రాలేదు, గడప అవతలే నిలబడింది.

"నీ రేడియో అన్నా. ఆయన్ను తీస్కపోకముందు మంగళారమే బాగైవచ్చింది, ఇచ్చేటందుకు తీరలే. ఆయన నీకిచ్చి రమ్మన్నడు. పొద్దున ఏడు గంటల వార్తలు తప్పకుంట పెట్టి వినమన్నడు."

పోలీసులు ఇల్లు వెతకలేదా అని అడిగాను. వెతికారట, ఒక్కసారి మోగించి చూసి పక్కన పడేశారట. ఆయన ఎట్లా ఉన్నాడని మాత్రం అడగలేదు. ఆమే చెప్పింది, కుడికాలు నేల మీద పెట్టలేకపోతున్నాడని.

వాళ్ళాయన లోపల ఉంటే నాకు వార్తలెందుకు వినమంటున్నాడు? అరెస్టుల గురించి ఏదో వస్తుందనా? ఇందులోనూ ఏదో ఉంది.

22-2-82, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున అమ్మ గడియారానికి చేతి గడియారం సరిపెట్టుకుని, ఏడు దాటగానే రేడియో పెట్టాను. పాట వస్తోంది. ఏడూ అయిదైంది, వార్తలు రాలేదు. ఏడూ పది. పాటే. ఢిల్లీ వాళ్ళు కూడా ఆలస్యమేనా అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. ఏడూ పదిహేడుకు వార్తలు మొదలయ్యాయి, సమయం ఏడు గంటల అయిదు నిమిషాలు అని చెప్పి మరీ.

చేతి గడియారం చూశాను. గోడ చూశాను. పన్నెండు నిమిషాలు.

జంపయ్య ఎన్నడూ ఆలస్యం కాలేదు. జెండా ఆలస్యం కాలేదు. విమానం తొమ్మిదిన్నరకే లేస్తోంది. ఇక్కడ నేను పన్నెండు ఎక్కువ రాస్తే పోయేటప్పుడు ఇరవై మూడు, వచ్చేటప్పుడు నలభై ఏడు. చిన్నపిల్లలకు కూడా తెలిసే లెక్క. మొత్తం డెబ్బై అని నేనే రాసుకున్నాను, ఈ డైరీలోనే.

అమ్మా, గడియారం ముందుందా అని అడిగాను. పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా, "అవ్, పన్నెండు నిమిషాలు ముందు పెడ్త" అంది. ఉప్పు ఎంత వేశావంటే చెప్పినట్టు చెప్పింది. ఎందుకని అరిచాను. అప్పుడు తిరిగి చూసింది.

"మీ అయ్య మీద బండ పడలేదు బిడ్డా. గా రోజు గడియారం ఆగింది, నేను కీ ఇయ్యలే. పన్నెండు నిమిషాలు లేటయింది. మస్టరు హాజరు పోతదని ఉరికి, నడుస్తున్న బొగ్గు టబ్బుల మీదికి దుంకిండు. మీకు జెప్పలేకపోయిన."

ఇరవై మూడేళ్ళు రోజూ కీ ఇస్తూ వచ్చిందట, ముల్లును పన్నెండు నిమిషాలు ముందుంచి, ఏ కొడుకూ పరుగెత్తే పని లేకుండా. వదిన పంతం ఇప్పుడు అర్థమైంది. తర్వాత జంపయ్యను అడిగితే, బొగ్గుబాయి పనోళ్ళ ఇళ్ళలో గడియారాలన్నీ అయిదో పదో ముందే ఉంటాయని, అందరూ మనసులో తీసేసి చూసుకుంటారని చెప్పాడు. నేను వైరాలో పెరిగాను. తీసేయాలని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అమ్మ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

23-2-82

వెళ్ళలేదు. ఉత్తరం నాదని ఎవరికీ తెలియదు. సంతకం లేదు. గడియారం సరిచేసి, మార్చి నుంచి సరిగ్గా రాస్తే వాళ్ళే వదిలేస్తారు. అంకెలే అన్నీ చెబుతాయి.

విమానం ఎగరనిదే అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి?

24-2-82, బుధవారం

రేపు పొద్దున పదింటికి సారంగపాణిని ఖమ్మం తీసుకుపోతున్నారు. కేసు రాశారట. అందులో పడితే ఏళ్ళు. జంపయ్య చెప్పాడు. అలవాటుగా "వాడు నిజంగా" అని ఏదో మొదలుపెట్టాను. జంపయ్య బండి దిగి వెళ్ళిపోయాడు.

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. ముత్యాలుకు నెలలు నిండాయి. హెడ్డు ముందు సంతకం కూడా పెట్టి ఉన్నాను. చెప్పకపోతే ఏమవుతుందో రాయను.

25-2-82, గురువారం

అమ్మ గడియారంలో ఆరింటికి లేచాను. దాని ముల్లు ముట్టుకోలేదు, చేతి గడియారం ఎప్పటిలాగే దానికే పెట్టుకున్నాను. టైం కీపరు పుస్తకం, ఈ డైరీ, రేడియో సంచిలో పెట్టుకుని మిల్లు ఆఫీసుకు బస్సెక్కాను. అమ్మ గడప దాకా వచ్చి, "ఉరకకు" అంది.

సెక్యూరిటీ ఆఫీసరు గదిలో ఠాణా ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నాడు. కాగితాలు కట్ట కడుతున్నారు. ఆ ఉత్తరం రాసింది నేనే అన్నాను. పుస్తకం చూపించాను, జనవరి పదికి ముందు ముప్పై అయిదు, తర్వాత ఇరవై మూడు. అమ్మ గడియారం సంగతి చెబితే ఇన్‌స్పెక్టరు నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. బోడిమెట్టకు ట్రంకు కాల్ వేయించి, బసవపున్నయ్యను ఇప్పుడు టైమెంత అని అడిగాడు. నన్ను నా చేతి గడియారం చదవమన్నాడు, పన్నెండు నిమిషాలు తేడా. నలభై రోజులు నేను అడగని ప్రశ్న అది. రేడియో గురించి కూడా అడిగాడు, బసవపున్నయ్య బాగుచేసింది తనేనన్నాడు.

అప్పుడు కాగితం ఇచ్చి అంతా రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. బయటికి వచ్చేసరికి వాకిట్లో వ్యాను ఇంజను ఆన్ చేసి ఉంది. వెనక కిటికీలో ఎవరో కూర్చుని ఉన్నారు. నేను తల దించుకుని పక్క నుంచి వెళ్ళిపోయాను. వ్యాను కదలలేదు.

1-3-82

సారంగపాణిని వదిలేశారు. నన్ను టైం కీపరు పని నుంచి తీసి వెదురు యార్డులో వేశారు. ఇల్లు చూసుకోవలసినవాడు, పెళ్ళాం పురిటికి ఉందని జాలిపడ్డారట. జాలిపడమని నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు.

2-3-82

వెళ్ళలేదు.

3-3-82

సగం దారి వెళ్ళాను. సారక్క వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. తిరిగి వచ్చాను.

5-3-82, శుక్రవారం

ఇవాళ విమానం ఎగిరింది. యార్డులో నుంచి చప్పుడు విన్నాను. కెప్టెన్ వచ్చాడట, వెనక సీటు ఖాళీ.

సాయంత్రం వెళ్ళాను. సారంగపాణి మంచం మీద, కుడికాలి కింద దిండు. సారక్క నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. పొలాల గురించి మాట్లాడాను, ఎండల గురించి మాట్లాడాను. చివరికి, ఆ ఉత్తరం రాసింది నేనే తమ్ముడూ అన్నాను.

"ఎరుకే. రెండోనాడే జూపెట్టిండ్రు. మూడేండ్ల సంది నీ అంకెలు జూస్తున్న, గుర్తుపట్టనా?"

తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదా అని అడిగాను. గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"గా కాగితం మీదనే లెక్క జూసిన. ఇరవై మూడు, నలభై ఏడు. కలిపితే డెబ్బై. నీ గడియారం ముందున్నదని సమజైంది. నేను జెప్తె ఎవ్వడు నమ్ముతడు? నువ్వు జెప్తెనే నమ్ముతరు. గందుకే రేడియో పంపిన."

అట్టపెట్టె గురించి నన్నెందుకు తెలియకుంటేనే మంచిదన్నావని అడగబోయి, అడగకుండానే అర్థమైంది. సొంత సామాను పంపడం రూల్సుకు విరుద్ధం. నాకు తెలిస్తే పుస్తకంలో రాయాలి, రాయకపోతే నా ఉద్యోగం పోవాలి. నన్ను కాపాడటానికి అన్న మాటను నేను మొదటి సాక్ష్యంగా రాసి పంపాను.

ఏడ్చాను. అతను ఓదార్చలేదు, పొమ్మనలేదు. నాలుగు రోజులాయె, ఇయ్యాలొచ్చినవు అన్నాడు. నేను వచ్చేటప్పుడు సారక్క బయటికి రాలేదు.

6-3-82

డైరీ వెనక పట్టికలో ఇంకొక వరస రాశాను.

చింతగుప్ప – బోడిమెట్ట: 112 కి.మీ., 35 నిమిషాలు.

మా ఇల్లు – సారంగపాణి ఇల్లు: నాలుగిళ్ళు, పదకొండు రోజులు.

సారక్క వచ్చిన మర్నాటి నుంచి లెక్కపెట్టాను. మళ్ళీ కూడి చూశాను. పన్నెండు. కొట్టేసి పన్నెండు రాశాను. నా చేతిరాతలో ఇదే మొదటి కొట్టివేత.

గోడ గడియారం అలాగే ఉంది. అమ్మ పొద్దున్నే కీ ఇచ్చింది. పన్నెండు తీసేసి చూసుకుని యార్డుకు బయలుదేరాను. దారిలో నాలుగో ఇంటి దగ్గర ఆగాను. అతని కాలికి కట్టు మార్చాలి, దవాఖానాకు సైకిలు మీద తీసుకుపోతానని సారక్కతో చెప్పాను. ఆమె చేతిలో చెంబు కింద పెట్టింది. తర్వాత లోపలికి తిరిగి భర్తతో, సైకిల్ల గాలి ఉన్నదా అడుగు అంది.